ఆ ఏడు పూడిక తీయలేదు

ఆ ఏడు ఎండాకాలమంతా మా గల్లీ కంపు కొట్టలేదు. నాకు మొదట భయం పుట్టింది అక్కడే.

కంపు రావాలి. ఎండలు ముదిరే వేళకు ప్రతి ఏడూ మున్సిపాలిటీ వాళ్లు మా ఇళ్ల వెనకున్న మురుగు నాలాలో పూడిక తీయిస్తారు. మిషను తొట్టి దించి నల్లటి బురద ఎత్తి గట్టు మీద కుప్పలు పోస్తుంది. తడి బురదను ట్రాక్టరులో ఎత్తితే రోడ్డంతా కారుతుందని దాన్ని అక్కడే ఎండనిస్తారు. అది ఎండినన్ని రోజులు గల్లీలో అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేం. కిటికీలు మూసి, ఊదుబత్తులు వెలిగించి, తిట్టుకుంటూ గడిపేవాళ్లం. తర్వాత ట్రాక్టర్లు వచ్చి ఎత్తుకుపోయేవి. ఇక వానలకు మేం సిద్ధమన్నట్టు లెక్క.

మా గల్లీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు దిక్కు నడిస్తే, కోచింగ్ సెంటర్ల బోర్డులు అయిపోయాక వచ్చే పల్లంలో ఉంటుంది. ఒక పక్క పెద్ద రోడ్డు, ఇంకో పక్క నాలా. ఎల్.బి.నగర్ వైపు కాలనీల్లో పడ్డ వాన నీరంతా ఆ నాలాలోనే వచ్చి, గల్లీ చివర తూములో దూరి, చెరువులో కలుస్తుంది. మేం పోచంపల్లి నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నప్పుడు మెట్లెక్కి లోపలికి పోయేవాళ్లం. తర్వాత ఎప్పుడు రోడ్డు వేసినా పాత రోడ్డు మీదే కొత్తది పోశారు. రోడ్డు పెరిగింది, మేం కిందికి పోయాం. ఇప్పుడు మా ఇంట్లోకి మెట్లు దిగి రావాలి.

ఆ దిగిన గదిలో, కిటికీ పక్కన మంచం మీద, మా వదిన ఉండేది. మా ఆయనకు అక్క. పెళ్లైన కొత్తలోనే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. నూలుకు ముడులు కట్టి రంగులో ముంచే పని చేసి ఇల్లు నడిపింది. పట్నం వచ్చి ఇంట్లోనే చీరలమ్మడం మొదలుపెట్టాక బేరాలన్నీ ఆమెవే. మాకు పిల్లలు లేరు. మా ఆయన పోయాక మేమిద్దరమే మిగిలాం. ఒకరోజు ఆమె బాత్‌రూంలో జారిపడింది, తుంటి విరిగింది. ఈ వయసులో ఆపరేషన్ పనికిరాదన్నారు. దవాఖానకు పోయి వచ్చినప్పుడు ఆటోలోకి ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం, ఆ నొప్పి ఆమె ఒంట్లోంచి పోలేదు. ఎవరైనా పక్కకు జరపబోయినా చెయ్యి అడ్డం పెట్టేది.

"నన్ను ఇంకోసారి ఎత్తుడంటే ఒక్క దిక్కుకేనే పిల్లా. మల్ల దించే పని ఉండొద్దు" అనేది. అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

అందుకే పూడిక సంగతి అందరికంటే మాకు ఎక్కువ పట్టింపు. గల్లీలో మిగతావాళ్లు నీళ్లొస్తే మేడెక్కుతారు. ఆమె ఎక్కలేదు. నేనొక్కదాన్ని ఆమెను ఎత్తలేను.

నాలా కంటే ముందు ఆగినవి చాలా ఉన్నాయి. ఒకటి ఆగినప్పుడు ఇంకొకటి ఆగుతుందని మాకు తోచలేదు.

మొదట ఆగింది మా చదువు. ఆయన పోయాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట అక్షరాలు చెబుతున్నారంటే పోయాను. వెంట్రుకలు తెల్లబడ్డాక పలక పట్టుకున్నాను. బస్సు మీద రాసింది చదివి ఎక్కగలిగిన రోజు, ఎవరికీ చెప్పకుండా అవసరం లేకపోయినా ఎల్.బి.నగర్ దాకా పోయి వచ్చాను. గుణింతాలు దాటి వాక్యాలకు వచ్చేసరికి ఒకరోజు హాలుకు తాళం ఉంది. పంతులమ్మ బయట చెప్పులు విడిచే చోట నిలబడి ఉంది.

"ఎన్నో నెలల సంది నాకు జీతం రాలేదమ్మా. ప్రైవేటు బళ్లె చేరిన" అంది.

"ఎందుకు రాలే?"

"పై సర్కారు మున్సిపాలిటీకి ఇచ్చే పైసలు తగ్గించిందంట. ముందు మనల్నే ఆపుతరు. మనం ఆగితే ఎవ్వరికీ వాసన రాదు కద."

ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు. ఇంటికి వచ్చి వదినకు చెబితే, "అయితే నువ్వు సగం చదువుకున్నదానివా? సగం పేపరు నువ్వు చదువు, మిగిలిన సగం నేను ఊహిస్త" అంది.

నిజంగానే అట్లా చేశాం. పొద్దున చాయ్ తాగుతూ నేను పెద్దక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని. "నిధులు విడుదల కాలేదు" అన్న మాటను నేను మొదటిసారి ఆగకుండా చదివాను. చదువు పెరిగి కాదు, రోజూ ఏదో ఒక చోట అదే ఉండేది. ఎక్కడో ఆస్పత్రికి, ఎక్కడో బడికి, ఎక్కడో వంతెనకు. చదువుతుంటే అవన్నీ ఎవరివో అనిపించేవి.

తర్వాత మా గల్లీ మూలమీది లైటు పోయింది. కొత్తది రాలేదు. దోమల పొగ వేసే బండి చప్పుడు వినబడడం మానేసింది. చెత్త ఆటో రోజు విడిచి రోజు, ఆ తర్వాత ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు రాసాగింది. జనం చెత్తను సంచుల్లో కట్టి, ఎవరూ చూడనప్పుడు నాలాలోకి విసరడం మొదలుపెట్టారు. ఊడ్చే ఆడవాళ్లు సగమయ్యారు. మిగిలినవాళ్లు గల్లీ మొదట్లో ఊడ్చి వెనక్కి తిరిగిపోయేవాళ్లు.

వాళ్ల మీద ఒక జవాన్ ఉండేవాడు. ఊడ్చేవాళ్లను, పూడిక పనిని చూసుకునే మనిషిని మేం జవాన్ అనే అంటాం. పాన్ నములుతూ మోటారు సైకిలు మీద వచ్చేవాడు. మా వదినకు కిటికీలోంచి అతనితో మాట్లాడకపోతే పొద్దుపోదు.

"ఏం కొడుకా, నాలా ఎప్పుడు తీస్తరు?"

"తీస్తమమ్మా. జర ఆగు."

"పోయినేడు గీపాటికి తీసి ఎండబెట్టిండ్రు."

"పోయినేడు కాంట్రాక్టరుకు బిల్లు వచ్చింది. ఈయేడు పాత బిల్లే రాలే. ఆయన మిషను తెస్తలేడు. నన్ను చేతుల్తోని తియ్యమంటవా?"

"తియ్యరాదు మరి. పొట్ట తగ్గుతది."

అతను పాన్ ఉమ్మి పకపకా నవ్వాడు. పోబోయేముందు మాత్రం నా వైపు చూసి, గొంతు తగ్గించి, "అక్కా, ఈమెను మీదికి జరుపుకోరాదు? నీకు మీద పోర్షన్ ఉన్నది కద" అన్నాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

మీది పోర్షన్ కిరాయికి ఇచ్చాను. భీమవరం వైపు వాళ్లు. ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు, ఆమె ఇంటి దగ్గరే ఉంటుంది. మంచి మనుషులు. నేను అడిగితే ముందు గది ఇస్తామన్నారు. "దాందేముంది పిన్నిగారూ, ఈ వానలు వెళ్లేదాకా మా హాల్లో పడుకోబెట్టండి" అంది ఆమె. ఒప్పుకోనిది వదినే. మా మెట్లు సన్నం, మధ్యలో మలుపు. అక్కడ మనిషిని పడుకోబెట్టి తిప్పాలంటే ఒంచాలి. ఒంచుతారన్న మాట వినగానే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జన్మలో ఆమె ఏడవగా నేను చూడలేదు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

నేను, మీదామె కలిసి వార్డు ఆఫీసుకు పోయాం. అక్కడున్న సార్ మంచిగానే మాట్లాడాడు. కూర్చోమన్నాడు. మా మాట పూర్తిగా విన్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పనిచేసే ఆఫీసర్లు మాట మధ్యలో ఆపి ఫోన్ చేస్తారు. ఈయన చేతులు టేబుల్ మీద పెట్టుకుని వింటున్నాడు.

"అమ్మా, పైకి రాశినం. మల్ల రాశినం. రాష్ట్రం నుంచి రావాల్సింది వస్తేనే మా దగ్గర పని నడుస్తది. జీతాలు ఇయ్యాలె, కరెంటు బిల్లు కట్టాలె. మిగిలితే నాలాలు."

"మరి వానొస్తే?" అని అడిగింది మీదామె.

"వానకాలం కోసం పెట్టిన టీములు తగ్గినయి. పోయినేడు మీ దిక్కు ఒక పంపు పెట్టినం. ఈసారి ఆ పంపు ఇంకో మూడు వార్డులకు తిరగాలె." ఆయన ఒక ఫోన్ నంబరు చెప్పాడు. "నీళ్లొస్తే దీనికి చెయ్యండి. అంతకంటె ముందే పెద్దమనిషిని మీదికి పంపుండ్రి. నేను చెప్పగలిగేది అదొక్కటే."

బయటికి వచ్చాక మీదామె, "ఆయన మనకి ధైర్యం చెప్పాడా, చేతులెత్తేశాడా పిన్నిగారూ?" అంది. నేను వెనక్కి తిరిగి తలుపులోంచి చూశాను. ఆఫీసు గోడకు పోయిన వానల చెమ్మ మరక అట్లే ఉంది. దాని మీద ఎవరో క్యాలెండరు తగిలించారు.

ఎండలు చివరికొచ్చాక ఒకనాడు మిషను చప్పుడు వినబడింది. వదిన "వచ్చింది మా అత్తరు బండి" అని మంచం మీద లేచి కూర్చున్నంత పని చేసింది. కాంట్రాక్టరు కొంత తీశాడు. మా ఇళ్ల వెనక కుప్పలు పోశాడు. అంతే, మిషను వెళ్లిపోయింది. చేసినంతకైనా బిల్లు రాదని తెలిసిందట. ట్రాక్టర్లు రాలేదు. కుప్పలు గట్టు మీదే ఎండాయి. ఒక్క గట్టి వాన పడితే అవి మళ్లీ నాలాలోకే జారిపోతాయని చిన్నపిల్లకు కూడా తెలుసు.

అప్పుడే నాలాకు ఎగువన, మా పైనున్న కాలనీ వాళ్లు తమ భాగం తామే తీయించుకున్నారు. అక్కడ ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు ఎక్కువ. చందాలేసుకుని జేసీబీ పెట్టి, సిమెంటు అడుగు కనబడేదాకా గీకించారు. కాలనీ చివర చెత్తను ఆపడానికి వెనకటి నుంచి ఒక ఇనుప జాలి ఉండేది. దాని దగ్గర నీళ్లు నిలుస్తున్నాయని దాన్ని కోసి పక్కన పడేశారు. ఆ కాలనీ ప్రెసిడెంటు నాకు కూరగాయల బండి దగ్గర కనబడ్డాడు. ఆయన భార్య నా దగ్గర చీరలు కొంటుంది.

"మీరూ చేయించుకోండమ్మా. ఎవరి భాగం వాళ్లు శుభ్రం చేసుకుంటే ఎవరినీ అడుక్కునే పని లేదు" అన్నాడు.

"మీ నీళ్లన్ని మా దగ్గరికే కద సార్ వచ్చేది."

"నీళ్లు పల్లానికి రాక ఎక్కడికి పోతాయి?" అన్నాడు, బెండకాయ చివర విరిచి చూస్తూ. తప్పుగా ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేదాకా ఆ మాట నా వెంటే వచ్చింది.

మా గల్లీ వాళ్లు ఆదివారం వేపచెట్టు ఉన్న ఇంటి ముందు కూడారు. ఉన్న చందా బోనాలకు పెట్టుకున్నది. అది తీసి జేసీబీకి ఇద్దామని ఒకాయన అన్నాడు.

"అమ్మవారి పైసలు మోరీల పోస్తవా? నీకు కండ్లు పోతయి" అంది కిరాణా కొట్టు ఆమె.

"అమ్మవారు ఈదుకుంట వస్తదా మరి?"

"నోరు కడుక్కో ముందు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే జేసీబీ మాట కొట్టుకుపోయింది. చివరికి, డిపోలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకడు ఉపాయం చెప్పాడు. కుప్పల మట్టి ఎండి ఊరికే పడి ఉంది. కిరాణా కొట్టులో ఖాళీ బియ్యం బస్తాలున్నాయి. ఆ మట్టిని బస్తాల్లో నింపి నాలా పొడుగునా గట్టు కట్టేద్దాం. కుప్పలూ పోతాయి, నాలా పొంగినా ఇళ్లల్లోకి రాదు. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. రెండు ఆదివారాలు గల్లీకి గల్లీ అంతా దిగి పనిచేసింది. మగవాళ్లు పారలతో నింపారు, ఆడవాళ్లం దబ్బనంతో మూతులు కుట్టాం. నేను చాయ్ పెట్టి పంపాను. ఎన్నేళ్లుగానో మాట్లాడుకోని ఇళ్ల వాళ్లు ఒకరి చేతికి ఒకరు బస్తా అందించుకున్నారు. గల్లీలో పడ్డ నీళ్లు నాలాలోకి పోవడానికి రెండిళ్ల మధ్య ఒక సందు ఉండేది. నాలా పొంగితే ముందు అందులోంచే వస్తుందని అక్కడ గట్టు ఇంకా ఎత్తుగా, రెండు వరుసలు కట్టారు. దాన్ని చూసి అందరికీ ధైర్యం వచ్చింది. జవాన్ వచ్చి కాలితో తన్ని చూసి, "మంచిగ కట్టిండ్రు. మా సార్ కంటె మీరే నయం" అన్నాడు.

మొదటి వాన చిన్నది. నాలా కొంచెం పెరిగి తగ్గింది. గట్టు తడిసింది కానీ నిలబడింది. పెద్దాయన దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు.

ఆ తర్వాత వచ్చింది అసలైన వాన. మధ్యాహ్నం అన్నాలు తిని లేచాం. మా గల్లీలో ఎండ కాస్తోంది. ఎల్.బి.నగర్ మీద మాత్రం ఆకాశం పలక రంగులో ఉంది. అక్కడ ఉరుముతోంది. ఇక్కడ ఆరేసిన బట్టలు కదలడం లేదు. కొంతసేపటికి వెనక నుంచి ఒక చప్పుడు మొదలైంది. పెద్ద లారీ దూరంగా ఆగకుండా వస్తున్నట్టు. ఇక్కడ చుక్క పడకముందే నాలా వచ్చేసింది. పైకాలనీ వాళ్లు నున్నగా గీకిన దారిలో, ఆపే జాలి లేక, చెత్త సంచులూ థర్మాకోల్ ముక్కలూ ఒక పరుపూ మోసుకుని వచ్చింది. మగవాళ్లు గట్టు మీదికి పరుగెత్తారు.

అప్పుడు మా మీద కూడా కురవడం మొదలుపెట్టింది. పెద్ద రోడ్డు మీద నుంచి నీళ్లు మా గల్లీలోకి దిగసాగాయి. ఎప్పుడూ దిగేవే. దిగి సందులోంచి నాలాలోకి పోయేవి. నేను గడపకు అడ్డంగా గుడ్డలు కుక్కి, గోధుమపిండి ముద్దతో చెక్క పలకను అతికిస్తున్నాను.

"పిల్లా," అని పిలిచింది వదిన. "బాత్‌రూంల ఎవరో ఉన్నరు."

"ఎవరుంటరు వదినా?"

"గొంతు పుక్కిలిస్తున్నరు. విను."

విన్నాను. పోయి తలుపు తీశాను. నేల మీది నీళ్లు పోయే బొక్కలోంచి నల్లటి నీళ్లు బుడబుడమని పైకి వస్తున్నాయి. నేను గడప దగ్గర ఆపుతున్నవి బయటివి. ఇవి లోపలి నుంచి వస్తున్నాయి. గుడ్డ కుక్కి, మీద రోలు దొర్లించాను. రోలు పక్కనుంచి వచ్చాయి.

ముందు గదిలోకి వచ్చేసరికి మంచం కోళ్లు తడిశాయి. చీరల మూటలు బీరువా మీదికి విసిరాను. సార్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. మోగింది. మోగుతూనే ఉంది. మళ్లీ చేశాను. ఈసారి ఒకామె ఎత్తి, మీ ఏరియా ఏది, రాసుకున్నామమ్మా, టీం వేరే దగ్గరున్నది, అని పెట్టేసింది. ఆమె గొంతు వెనక అట్లాంటి ఫోన్లు ఎన్నో మోగుతున్నాయి.

మీదామె బాల్కనీలోంచి అరుస్తోంది. "పిన్నిగారూ! నాలాలో కాదండీ, మన గల్లీలోనే ఎక్కువున్నాయి నీళ్లు! నాలా కిందికే ఉంది! ఆ బస్తాలు తీసెయ్యమనండి!"

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. నాలా మా మీదికి రాకుండా కట్టుకున్న గట్టు, మా నీళ్లను బయటికి పోనివ్వడం లేదు. మేం మా చేతులతోనే మూతులు కుట్టి గల్లీని గోలెం చేశాం.

మోకాలి లోతు నీళ్లలో గట్టు దగ్గరికి పోయాను. మగవాళ్లు ఇంకా బస్తాలు ఎత్తుకొస్తున్నారు.

"సందు దగ్గర తియ్యుండ్రి! నీళ్లు పోనియ్యుండ్రి!"

"పిచ్చి లేసిందా అక్కా? తీస్తే నాలా అంత మన మీదికొస్తది!"

"మీదికెల్లి ఆమె చూస్తున్నది. నాలా కిందికున్నదట."

"మీద కూసున్నోళ్లకు ఏం తెలుస్తది? వాళ్లకు తడుస్తదా?" అన్నాడు పెద్దాయన. అతను మొండివాడు కాదు. కళ్లజోడంతా నీళ్లు. తాను కట్టించినదాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"మా వదిన కిందనే ఉన్నది" అన్నాను.

అది విని నలుగురు బస్తాలు వదిలి నా వెంట వచ్చారు. గట్టు మాట నమ్మకపోయినా మంచంలో ఉన్న మనిషి మాట అందరికీ తెలుసు. మేం పోయేసరికి నీళ్లు పరుపును తాకుతున్నాయి. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని మెడ ఎత్తి చూస్తోంది. మీద నుంచి లెక్కల సార్ కూడా దిగివచ్చాడు. ఎత్తడానికి దుప్పట్లన్నీ తడిసి ఉన్నాయి. బీరువా మీది మూటలోంచి రెండు చీరలు లాగి ఆమె నడుము కింద, భుజాల కింద దూర్చాను.

"అమ్మకానికి పెట్టినవి కదనే! పాతది లేదా?" అంది.

మెట్ల మలుపు దగ్గర ఆమెను ఒంచక తప్పలేదు. ఆమె అరిచిన అరుపు వాన చప్పుడు మీదుగా గల్లీ చివర దాకా వినిపించిందని తర్వాత చెప్పారు. నేను ఆమె తల పట్టుకుని ఉన్నాను. ఆ అరుపు నా అరచేతులకు తగిలింది. తర్వాత ఆమె అరవలేదు. మీది హాల్లో చాప మీద పడుకోబెట్టేదాకా నేను ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

గట్టు తనంతట తానే పోయింది. ఎండిన బురదే కదా బస్తాల్లో ఉంది, నాని కరిగి మళ్లీ బురదైంది. సందు దగ్గర బస్తాలు ఖాళీ సంచుల్లా వాలిపోయాయి. గల్లీ నీళ్లు వాటి మీదుగా ఒక్కసారిగా నాలాలోకి దూకాయి. కాసేపు అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలో ఆ బురదా, పైనుంచి వచ్చిన చెత్తా, ఆ పరుపూ కలిసి తూము మూతిని మూసేశాయి. నాలా ఆగింది. ఆగి, నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా వెనక్కి పెరిగింది. మీదామె, నేను బాల్కనీలో నిలబడి చూశాం. మా కింది గది కిటికీ కనబడకుండా పోయింది. వదిన పట్టుకున్న ఊచలు నీళ్ల కిందికి పోయాయి.

నీళ్లు తగ్గిన తర్వాత జవాన్ వచ్చాడు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక సంచి బ్లీచింగ్ పౌడరు. గల్లీ సగానికే అయిపోయింది. కిటికీ వైపు చూసి మంచం లేకపోవడం గమనించి ఆగాడు.

"మీదున్నది" అన్నాను.

తల ఊపాడు. పాన్ లేదు అతని నోట్లో. "వచ్చే నెల మా కాడ ఇంకింత మందిని తగ్గిస్తరంట అక్కా" అన్నాడు. మోటారు సైకిలు స్టార్ట్ చేసుకుని పోయాడు.

లెక్కల సార్ వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. పైకాలనీలో దొరికిందట. మీదామె పోయేటప్పుడు ఏడ్చింది. వదిన ఆ హాల్లోనే ఉండిపోయింది. మెట్ల మలుపులో ఎక్కడ ఏం విరిగిందో, ఇప్పుడు పక్కకు తిరగడం కూడా లేదు. దవాఖానకు తీసుకుపోతానంటే ఒద్దంది. దించితే మళ్లీ ఎక్కించాలి. ఆకాశం నల్లబడితే మాటలు మానేసి వింటుంది. కిందికి దింపనన్నాను. కానీ నీళ్లు నిలిచిన ఇల్లు, కింద గోడలు ఊడుతున్నాయి. ఈ పునాది ఇంకెన్ని వానలు ఆగుతుందో మేస్త్రీ చెప్పలేదు. గోడ మీద చెయ్యి వేసి, తీసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఈ ఎండాకాలం గల్లీ మళ్లీ కూడింది. మున్సిపాలిటీ మాట ఎవరూ ఎత్తలేదు. బోనాల పైసలు తీయడానికి కిరాణా ఆమె కూడా ఒప్పుకుంది. జేసీబీ పెట్టి మా భాగం గీకించడం, తూము పగలగొట్టి వెడల్పు చేయడం, అడ్డం లేకుండా నీళ్లు ఒకే దూకుడుగా చెరువు దిక్కు పోయేలా చేయడం. నా దగ్గరికి వచ్చి అడిగారు. మీద ఎవరున్నారో వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. నా వంతు చందా ఇచ్చాను.

మిషను వచ్చిన పొద్దున గేటు దగ్గర ఒకామె నిలబడింది. తూముకు అవతల, చెరువు అంచున రేకుల ఇళ్లల్లో ఉండే మనిషి. గట్టిగా మాట్లాడడానికి వచ్చిందనుకున్నాను. కానీ కొంగు నిండా కప్పుకుని, మర్యాదగా అడిగింది.

"అక్కా, తూము ఎడల్పు చేస్తున్నరంట కద. చేసుకోండ్రి. మీ బాధ మీది. నీళ్లు ఎక్కువొచ్చే రోజు జర ముందుగాల చెప్తరా? మా అత్త మంచంల ఉన్నది. ఎత్తుకపోనీకి మనుషులను పిలుసుకోవాలె."

నీళ్లు ఎప్పుడు వస్తాయో నాకు ఎట్లా తెలుస్తుంది? ఆ రోజు మాకు ఎండ కాస్తుండగానే వచ్చాయి.

"చెప్త" అన్నాను.

ఆమె దండం పెట్టి పోయింది. మీదికి వచ్చాను. వదిన కళ్లు మూసుకునే ఉంది.

"ఎవరే?"

"ఎవరో దారి అడిగిండ్రు."

ఆమె పక్కన బాల్కనీ తలుపు తెరిచే ఉంది. కింద మిషను స్టార్టయి, తొట్టి సిమెంటు మీద మొదటి దెబ్బ వేసింది. ఇల్లు సన్నగా అదిరింది.

"ఆమె అత్తకు ఎంత వయసుంటదని అడిగినవా?" అంది.

"లేదు."

"అడగాల్సిండె" అంది. ముఖం గోడ వైపు తిప్పుకోవాలనుకుంది కానీ తిప్పుకోలేకపోయింది. మేమిద్దరం అట్లాగే, తూము పగులుతున్న చప్పుడు వింటూ ఉండిపోయాం.